గుగ్గిలం అంటని పడవ

పడవని కూడా అంట్లలా తోమాల్సి వస్తుందని క్యాథరిన్ ఎన్నడూ అనుకోలేదు. కొబ్బరి పీచు, సబ్బుపొడి, పక్కన బకెట్టు. పెరట్లో రెండు సిమెంటు దిమ్మెల మీద బోర్లా పడుకున్న ఆ పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవ వీపు మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము, పిచ్చుక రెట్టలు, ఎండి అట్టకట్టిన నాచు. పొద్దున్న ఇంటెడు అంట్లు తోమి, స్కూలుకి వెళ్ళి, పిల్లలకి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ ఇది. తేడా ఒక్కటే. ఆ అంట్లలో ఎవరు తిన్నారో ఆమెకు తెలుసు. ఈ పడవలో ఎవరు కూర్చున్నారో ఇంకా తెలియదు.

ఆమె భర్త ఆనంద్ పాల్ దాన్ని కయాక్ అనేవాడు. చేపలు పట్టుకోవడానికని, ఫోనులో వీడియోలు చూసి చూసి, ఎక్కడో చెన్నైలో ఉందంటే తెప్పించాడు. క్యాథరిన్‌కి అరియర్సు వచ్చిన నెల అది. “మనం కొన్నాం” అని కైకలూరంతా చెప్పాడు. ఎక్కే దగ్గర మాత్రం “నేను వెళ్తున్నా” అనేవాడు. వెనక ఒక సీటు, ముందు ఒక సీటు. చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం ఆయనది. వారమంతా సీసాల్లో నీళ్ళు చూసినవాడు శనివారం తెల్లారేసరికి కొల్లేటి మీద ఉండాలి. అదొక్కటే ఆయన సరదా. చివరికి ఆ ల్యాబులోనే, చేతిలో నీళ్ళ సీసాతోనే కుప్పకూలిపోయాడు. గుండె అన్నారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆ తర్వాత పెరట్లో బోర్లించిన పడవని ఎవరూ ముట్టుకోలేదు.

మొన్న తాడేపల్లిగూడెం నుంచి మరిది నెల్సన్ ఫోను చేశాడు. “వదినా, ఆ పడవకి ఒక పార్టీ ఉంది. ముదినేపల్లి వైపు చెరువులాయన. అడుగున పగులుందట కదా, అది పూడ్పించి ఇమ్మంటున్నారు. మీకెందుకా బాధ, నేను మనిషిని పంపిస్తాను.”

“అడుగున పగులుందని నీకెవరు చెప్పారు నెల్సన్?”

“అన్నయ్య చెప్పాడు వదినా. ఎప్పుడో.”

“నాకు చెప్పలేదే.”

“మీకెందుకులే అనుకుని ఉంటాడు.”

మీకెందుకులే. ఆ మాట వినీ వినీ ఆమె చెవులు కాయలు కాచాయి. పెళ్ళయిన కొత్తలో బ్యాంకు పని దగ్గర మీకెందుకులే అన్నారు, ఇంటి ప్లాను గీయించినప్పుడు మీకెందుకులే అన్నారు, చివరికి సమాధి మీద రాయించే వాక్యం ఎంచేటప్పుడు కూడా బావగార్లూ మరుదులూ కూర్చుని మీకెందుకులే అన్నారు. జీతం పడ్డప్పుడు, కూర కావలసినప్పుడు మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

“మనిషిని పంపకు. నేనే చేస్తాను” అంది.

“మీరా?” నెల్సన్ నవ్వాడు. “స్కూల్లో పిల్లల ప్రాజెక్టు అనుకుంటున్నారేంటి వదినా?”

అలా మొదలైంది తోమడం. నాచు పోయాక పగులు బయటపడింది. ముందు సీటు ఎదురుగా, కాళ్ళు పెట్టుకునే గుంట కింద, నీళ్ళు కారిపోవడానికి ఉన్న కన్నం దగ్గర మొదలై జానెడు పొడవు వెళ్ళింది. క్యాథరిన్ చేతిలో పీచు ఆగిపోయింది. వెనక సీటు కింద కాదు. ముందు సీటు కింద. ఆనంద్ పాల్ కూర్చునేది వెనక. ముందు సీటులో వలసంచీ, డబ్బా పెట్టుకుంటానని చెప్పేవాడు. వలసంచీకి పడవ పగిలేటంత బరువుంటుందా?

పడవని కష్టపడి వెల్లకిలా తిప్పింది. ముందు సీటు ఎదర రెండు పక్కలా కాళ్ళు తన్నిపెట్టుకునే చిన్న కాలిపీటలుంటాయి. గాడిలో ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. పడవ వచ్చిన రోజు, ఇదే పెరట్లో, క్యాథరిన్ ఆ ముందు సీటులో ఎక్కి కూర్చుంది. ఆమె పొడగరి. ఆనంద్ పాల్ అంత ఎత్తు. కాలిపీటలు రెండూ తనే చేత్తో గాడి చివరిదాకా తోసి, కాళ్ళు బారజాపి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. నేల మీదే ఉన్నా ఎందుకో ఒళ్ళు తేలినట్టయింది. అప్పుడు అత్తగారు హన్నమ్మ గుమ్మంలోంచి అంది: “మాస్టారమ్మ పడవలో ఊరేగితే రేపు క్లాసులో పిల్లలు మాట వింటారా? దిగమ్మా, నలుగురూ చూస్తారు.” క్యాథరిన్ భర్త వైపు చూసింది. ఆయన నవ్వాడు. “నీకు నీళ్ళంటే భయం కదా క్యాథీ” అన్నాడు. ఆ మాట తను ఎప్పుడందో ఆమెకు గుర్తు లేదు. కానీ ఆయన అన్నాక అది నిజమైపోయింది. దిగి, చేతులు కడుక్కుని, పప్పు తాలింపు వేయడానికి వెళ్ళింది.

ఆ రోజు చివరిదాకా తోసిన కాలిపీటలు ఇవాళ చివర లేవు. సీటు దగ్గరికి, బాగా దగ్గరికి జరిగి ఉన్నాయి. ఎవరో పొట్టి కాళ్ళ మనిషి కూర్చున్నట్టు.

సబ్బునీళ్ళు మోచేతి దాకా కారుతున్నా ఆమె అలాగే నిలబడింది.

అనుమానం ఇంట్లోకి చెదపురుగులా వస్తుంది. ముందు ఒక మూల మట్టి కనిపిస్తుంది. అప్పుడు మిగతా మూలలన్నీ తట్టి చూడాలనిపిస్తుంది. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ క్యాథరిన్ శనివారాలన్నీ తట్టి చూసుకుంది. శనివారం ఆమెకు స్కూలు ఉంటుంది. శనివారం అత్తయ్యకి పుట్టింటి లంకలో ఉపవాస ప్రార్థన. తెల్లవారుజామునే తల్లిని కారెక్కించుకుని, పైన పడవ కట్టుకుని ఆనంద్ పాల్ బయలుదేరేవాడు. అమ్మని చర్చి దగ్గర దింపి అటునుంచటు కొల్లేటికి వెళ్తానని. అంతకు ముందే క్యాథరిన్ లేచి అన్నం, చేపల పులుసు వండి డబ్బా కట్టాలి. ఒక మనిషి తిండి కాదది. “నీళ్ళ మీద ఆకలి రెండింతలవుతుంది క్యాథీ, కాస్త ఎక్కువే పెట్టు” అనేవాడు. తల్లేమో ఉపవాసం. మరి ఆ రెండో ఆకలి ఎవరిది? తల్లిని దింపేసి, ఎవరిని ఎక్కించుకునేవాడు?

ఇంకొకటి కూడా తట్టింది. రెండో శనివారం స్కూలుకి సెలవు. ఆ ఒక్క శనివారం మాత్రం ఆనంద్ పాల్ వెళ్ళేవాడు కాదు. “ఇవాళ గాలి ఎక్కువుంది” అనేవాడు కాఫీ తాగుతూ. ప్రతి రెండో శనివారం గాలి ఎక్కువే. తను భౌతిక శాస్త్రం చెప్పే టీచరు. గాలి క్యాలెండరు చూసి వీయదని తెలిసినది. అయినా నమ్మింది. నమ్మడం కూడా ఇంటిపనే కదా, రోజూ చేసేది, జీతం లేనిది.

మర్నాడు ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనాలయ్యాక, పగులు పని పట్టుకుంది. చెరువులకి ప్లాస్టిక్ షీట్లు పరిచి అతికించే షాపుంది ఊళ్ళో. ఆ షాపువాళ్ళ అమ్మాయి ఆమె క్లాసే. వాళ్ళ దగ్గర వేడిగాలి గన్ను, డ్రిల్లు తెచ్చుకుంది. ఈ రకం ప్లాస్టిక్కి ఏ జిగురూ పట్టదని, కాచి కరిగించి, అదే జాతి ప్లాస్టిక్ని అందులో కలిపి అతకాలని ఆమెకు తెలుసు. ఎనిమిదో తరగతికి ఏటా చెప్పే పాఠమే. ఏది అదే జాతో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న విరిగిన డ్రమ్ముల ముక్కలు బకెట్టులో వేసి చూసింది. మునిగినవి పక్కన పడేసింది. తేలిన వాటిలో నీలం డ్రమ్ము ముక్కని కాస్త కాచి, పడవ అంచుకి అద్ది లాగింది. ఊడి రాలేదు. దాన్ని సన్నటి బద్దలుగా కోసింది.

ముందు పగుల్లో ఉన్నది గీకాలి. అప్పుడు చూసింది. పగుల్లో ఏదో కూరి ఉంది. గోధుమరంగులో, గట్టిగా, మైనంలా.

“ఏవమ్మా, ఏంటా గీకుడు?” హన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులని పెరటి గుమ్మం దిగదు. చీపురు పట్టదు, పొయ్యి దగ్గర నిలబడదు.

“పగుల్లో ఎవరో ఏదో పెట్టారత్తయ్యా. తీస్తే గానీ అతకదు.”

“ఉండనీకూడదూ? బాగానే పట్టింది కదా.”

క్యాథరిన్ తలెత్తింది. గుమ్మంలోంచి పడవ అంచు తప్ప పగులు కనిపించదు. “పట్టిందని మీకెలా తెలుసు?”

“నాకేం తెలుసమ్మా. మాటవరసకన్నాను.” హన్నమ్మ కొంగు సర్దుకుంది. “అయినా నెల్సన్ మనిషిని పంపుతానన్నాడు కదా. ఎందుకొచ్చిన యాతన? తొందరగా అమ్మేసుకుంటే పీడా పోతుంది.”

పీడా. కొడుకు ప్రాణంగా చూసుకున్న వస్తువుని తల్లి పీడా అంటోంది. కళ్ళు మాత్రం పడవ మీంచి కదలడం లేదు.

గోధుమరంగుది కత్తికి రాలేదు. మెత్తబడుతుందని గన్ను పెట్టింది. తెల్లటి పొగ లేచింది. ఆ వాసన ముక్కుకి తగలగానే క్యాథరిన్ గన్ను ఆపేసింది.

గుగ్గిలం.

ఈ ఇంట్లో గుగ్గిలం ఏనాడూ వెలగలేదు. ఆమె పుట్టింట్లోనూ వెలగలేదు. మిషనరీల కాలం నుంచి చర్చికి వెళ్ళే ఇళ్ళు రెండూ. కానీ ఆ వాసన ఆమెకు తెలుసు. శుక్రవారం సాయంత్రాలు పక్కింటి నరసరాజు గారింట్లోంచి వస్తుంది. తోటి టీచర్ల ఇళ్ళకి పేరంటానికి వెళ్తే తలుపు తీయగానే వస్తుంది. ఎవరి ఇంట్లో గుగ్గిలం డబ్బా ఉంటుందో వాళ్ళ చెయ్యి ఈ పడవ మీద పడింది. పడవ పగిలితే బాధపడి, దగ్గర కూర్చుని, పగులు పూడ్చిన చెయ్యి.

“గుగ్గిలం వాసన వస్తోందేంటత్తయ్యా?”

“పక్కింటివాళ్ళు వేసుంటారు.”

“వాళ్ళు మొన్ననగా తాళం వేసుకుని అత్తిలి పెళ్ళికి వెళ్ళారు.”

హన్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నడక మామూలుకన్నా వేగంగా ఉంది. క్యాథరిన్ ఆ వీపు వంకే చూస్తూ ఉండిపోయింది. ఈవిడకి తెలుసు. కొడుకు చాటు సంగతి తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుంది. ఇప్పుడు పడవతో సహా దాటించేయాలని చూస్తోంది.

అప్పుడే గుర్తొచ్చింది ఆ మనిషి. భూస్థాపన రోజున గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. పెద్ద బొట్టు, చెదిరిన ముడి. రత్నమాణిక్యం. కొల్లేటి గట్టున వాళ్ళకి చేపల చెరువులున్నాయి. ఆనంద్ పాల్ కారు ఆపుకునేదీ పడవ దింపేదీ వాళ్ళ గట్టు దగ్గరే. ఆవిడ లోపలికి రాలేదు. హన్నమ్మే లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద పడి ఏడ్చింది. కోడలి భుజం మీద పడి ఏడవలేదు. అప్పుడు క్యాథరిన్‌కి ఏదీ ఆలోచించే శక్తి లేదు. ఇప్పుడు ఆ దృశ్యం ఒక్కొక్క ముక్కా విడిగా కనిపిస్తోంది. రత్నమాణిక్యం పొట్టి మనిషి. ఆవిడ ఇంట్లో గుగ్గిలం ఉంటుంది.

చెయ్యి మళ్ళీ పనిలోకి వెళ్ళింది. మనసు ఎటు పోయినా చెయ్యి తన పని తాను చేసుకుపోవడం ఆడవాళ్ళకి చిన్నప్పుడే పట్టుబడుతుంది. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లోనూ సన్నటి కన్నం వేసింది. కత్తితో పగులు వెడల్పు చేసి గాడి తీసింది. మిగిలిన గుగ్గిలాన్ని ఈనెపుల్లతో కెలికి, కాగితంలో పొట్లం కట్టి పక్కన పెట్టుకుంది. అప్పుడు గన్ను పట్టింది. ప్లాస్టిక్ తడి తేలినట్టు మెరిసే దాకా కాచి, నీలం బద్దని గాడిలో ఒత్తుతూ, పాత గరిటె వెనకతో అదుముతూ వెళ్ళింది. కొంచెం తొందరపడితే అంటదు, కొంచెం ఆలస్యమైతే కారిపోతుంది. పని అయ్యేసరికి నీరెండ పడింది. పసుపు వీపు మీద నీలం గీత. దాచినా దాగని అతుకు.

ఇంతలో ఒక మాట ఆమెకు స్పష్టమైంది. రేపో మాపో ఈ పడవ ముదినేపల్లి వెళ్ళిపోతుంది. వెళ్ళాక ఇక అడగడానికి ఏ ఆధారమూ ఉండదు. ఆదివారం ఆదివారం సమాధి దగ్గర నిలబడి ఎవరికోసం ఏడుస్తోందో కూడా తెలియకుండా మిగతా బతుకంతా ఏడవాలి. అలా ఏడవడం తన వల్ల కాదు.

రెండో శనివారం వచ్చింది. “నీళ్ళలో వేసి చూడాలి, కారుతుందో లేదో. రత్నమాణిక్యం గారి గట్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను” అని చెప్పి, అత్తగారి మొహం చూసింది.

హన్నమ్మ మొహంలో రంగు మారింది. “అక్కడికెందుకు? ఇక్కడే తొట్టెడు నీళ్ళు పోసి చూడు.”

“పడవ పట్టే తొట్టి మనకెక్కడుందత్తయ్యా?”

“అయితే నేనూ వస్తా. ఒక్కదానివే వద్దు.”

“మీ మోకాళ్ళు?”

“ఆటోలో కూర్చోడానికి మోకాళ్ళెందుకమ్మా?”

ట్రాలీ ఆటోలో పడవ, పడవ పక్కన ఇద్దరూ. కాపలాకి వస్తోంది, అనుకుంది క్యాథరిన్. రత్నమాణిక్యం నోరు మూయించడానికి.

గట్టు దగ్గర చెరువుకీ కొల్లేటికీ మధ్య కాలువ ఉంది. వానలకి నిండుగా, నెమ్మదిగా కొల్లేటి వైపు పోతోంది. కనుచూపు మేరలో గుర్రపుడెక్క పచ్చగా మూసుకుని ఉంది. ఆటో అబ్బాయి పడవని ఒడ్డున సగం నీళ్ళలోకి దింపి టీకి వెళ్ళాడు. హన్నమ్మ ఆటోలోనే కూర్చుంది. మకాంలోంచి రత్నమాణిక్యం ఎదురొచ్చింది.

“రండి టీచరుగారూ, రండి. పాల్ గారి పడవే! బాగు చేయించారేంటి?”

“నేనే చేశానండీ.” క్యాథరిన్ పర్సులోంచి పొట్లం తీసి విప్పింది. మనసులో ఎన్నిసార్లో చెప్పుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. “ఇది పగుల్లో దొరికింది. మీ ఇంట్లోదేనా?”

రత్నమాణిక్యం వాసన చూసింది. “గుగ్గిలం. మా ఇంట్లోదేనండీ, నేనే ఇచ్చాను.” దాచే ప్రయత్నమే లేదు ఆ గొంతులో.

“ముందు సీటులో కూర్చునేది కూడా మీరేనా?”

“నేనా!” ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నాకు ఈతే రాదండీ బాబూ. చెరువుల మధ్య కాపరమే గానీ మోకాలి లోతు దిగితే మా ఆయన్ని కేకేస్తాను.”

“మరెవరు? ఎవరో ఆడమనిషి. పొట్టి మనిషి. చెప్పండి, నేనేమీ అనుకోను.” ఆమె ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది, డిక్టేషను చెప్పినట్టు.

రత్నమాణిక్యం ఆమె భుజం మీదుగా ఆటో వైపు చూసి, తల దించుకుంది. “ఆడమనిషేనండీ. అబ్బో, ఆవిడ గెడ వేస్తుంటే చూడాలి. కానీ పేరు చెప్పనని మాటిచ్చానండీ. నన్నడగకండి.”

క్యాథరిన్ ఇంకేదో అడగబోయింది. అప్పుడే వెనక నీళ్ళు కదిలిన చప్పుడైంది. పడవకి తాడు కట్టలేదు. ఒడ్డున ఆనిన కొస జారి, పడవ మొత్తం కాలువలోకి వెళ్ళిపోయింది. ఖాళీ పడవ, ఆకులా తేలుతూ గుర్రపుడెక్క వైపు తిరిగింది.

“అయ్యో, డెక్కలో పడితే ఇక దక్కదండీ!” రత్నమాణిక్యం అరిచింది. క్యాథరిన్ ఒడ్డు దాకా పరుగెత్తి ఆగిపోయింది. నీకు నీళ్ళంటే భయం కదా క్యాథీ.

పక్క నుంచి ఎవరో దూసుకుపోయారు. చీర మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, చెరువుగట్టున పడి ఉన్న వెదురు గెడ అందుకుని, నడుము లోతు నీళ్ళలో విసవిస నడిచి, పడవ తోక పట్టుకుని, ఒక్క ఊపున పొట్ట మీద పైకి పాకి, ముందు గుంటలో రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడింది హన్నమ్మ. గెడ అడుగున నాటి, ఒళ్ళంతా దాని మీదకి వాల్చి ఒక్క తోపు తోసింది. పడవ డెక్క అంచు నుంచి ముక్కు తిప్పుకుంది. ఇంకో తోపు. కొంగు జారి, నెరిసిన ముడి విడిపోయి, నోటితో ఏదో లెక్కలా అనుకుంటూ, నీళ్ళకి ఎదురు వస్తోంది. ఇంట్లో గుమ్మం దిగని మనిషి.

“అదిగోండి” అంది రత్నమాణిక్యం చిన్నగా. “మీరడిగిన మనిషి.”

పడవ ఒడ్డుకి వచ్చి ఆగింది. అప్పుడు హన్నమ్మ ఆయాసంతో సీటులో కూలబడింది. అలవాటుగా కాళ్ళు చాపింది. పాదాలు రెండూ వెళ్ళి కాలిపీటల మీద సరిగ్గా ఆనాయి.

రత్నమాణిక్యం పొడిచీర తెస్తానని మకాంలోకి వెళ్ళింది. ఆవిడకి ఆ మాత్రం తెలుసు. క్యాథరిన్ ఒడ్డున గడ్డిలో కూర్చుంది.

“ఉపవాస ప్రార్థన?” అంది.

“మొదట్లో నిజంగానే వెళ్ళేదాన్నమ్మా. ఓ శనివారం వాడు సరదాకి, అమ్మా ఎక్కుతావా అన్నాడు.” హన్నమ్మ తడి కొంగు పిండుకుంది. “మా నాన్నకి తాటి దోనె ఉండేది. నేనే తోసేదాన్ని, చర్చికీ, కూరలకీ, మంత్రసానిని తేవడానికీ. లంకలో నా అంత వేగంగా గెడ వేసే మగాడు కూడా లేడు. పెళ్ళినాడు దిగాను ఆ దోనె. మళ్ళీ ఎక్కలేదు.”

“ఎందుకని?”

“ఎవరూ ఎక్కమనలేదు.”

ఒక కొంగ వచ్చి డెక్క మీద వాలింది.

“కూర్చుని తెడ్డు వేయడం నాకు రాలేదమ్మా. లేచి నిలబడి గెడ వేసేదాన్ని, మా దోనెలాగే. ఒడ్డుకొచ్చేటప్పుడు అదాటున రాయి మీదకి ఎక్కించాను. చెక్కదయితే ఓర్చుకునేది. ఇది పగిలింది. మా నాన్న పడవకి గుగ్గిలం, నూనె కాచి పూసేవాడు. నేనూ అదే చేశాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు, ప్లాస్టిక్కి గుగ్గిలం అంటదమ్మా అని. ఆ వారమే...” ఆగిపోయింది.

ముందుగా వచ్చింది ఊరటే. తెల్లటి పొగలా లేచి కళ్ళలో నీళ్ళు తెప్పించింది. వేరే ఆడది లేదు. సమాధిలో ఉన్నది తనకు తెలిసిన మనిషే. కానీ ఆ పొగ తేలిపోయాక అడుగున ఇంకోటి కనిపించింది. తెలిసిన మనిషేనా? తల్లికి కొల్లేరు తిరిగి ఇచ్చాడు. ఆ సంగతి భార్యకి చెప్పలేదు. ఇద్దరు మనుషుల తిండి ఒక్కదాని చేత వండించి, అది తన ఆకలేనన్నాడు. ఆమె ఇంట్లో ఉన్న శనివారాలకి గాలిని తెచ్చి అడ్డం పెట్టాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే కోపం చేసుకోవడం తేలికయ్యేది. క్యాథీ, నువ్వు వస్తావా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడగడం ఆయనకి తోచలేదు. అంతే. అంతేనా?

“అందుకేనా నన్ను దిగమన్నారు, ఆ రోజు? నలుగురూ చూస్తారని?”

“ఆ రోజు మామూలుగానే అన్నానమ్మా. మా అత్తగారు నన్నన్నట్టే. తర్వాతే వాడు నన్నెక్కించింది.”

“తర్వాత? ‘ఈసారి క్యాథీని తీసుకురానా’ అని ఆయన ఎప్పుడూ అనలేదా?”

హన్నమ్మ వేళ్ళతో కాలిపీటని తడిమింది. అబద్ధం చెప్పొచ్చు. పోయినవాడు వచ్చి కాదనడు. అయినా చెప్పింది:

“ఒకసారి అన్నాడు. నేనే వద్దన్నాను. రెండే సీట్లు కదమ్మా. నువ్వెక్కితే దిగాల్సింది నేనే.”

క్యాథరిన్‌కి కోపం రావలసిన చోట రాలేదు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు, ఒకే వంటగదిలో, ఒకే సీటు కోసం, ఒకరి కాళ్ళు ఇంకొకరు లాక్కుంటూ. వంతులు వేసుకోవచ్చని ఆయనకి తోచలేదు సరే, మనిద్దరిలో ఒక్కరికైనా తోచిందా? ఒక మగవాడు వెనక కూర్చుంటేనే ముందు సీటు ఉంటుందని ఎవరు చెప్పారు మనకి?

“మరి ఆ పులుసు? ఉపవాసం రోజున?”

హన్నమ్మ తల దించుకుంది. “బాగా కుదిరేదమ్మా నీ పులుసు. నీళ్ళ మీద మరీను.”

“ఇంట్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు మీరు.”

“ఉపవాసం కదా. తిన్నట్టు ఎలా చెప్తాను?”

నవ్వో ఏడుపో తెలియనిదేదో క్యాథరిన్ గొంతులోంచి వచ్చింది. చున్నీతో మొహం తుడుచుకుంది. పర్సులో ఫోను మోగింది. నెల్సన్.

“వదినా, పార్టీ రేపు వస్తానంటున్నారు.”

“పడవ అమ్మడం లేదు నెల్సన్.”

“పగులు అతకలేదా?”

క్యాథరిన్ వంగి, పడవ డొల్లలోకి తెరుచుకునే మూత తిప్పి లోపలికి చూసింది. పొడిగా ఉంది. “అతికింది” అంది.

“మరి? ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తారు వదినా?”

“నీకెందుకులే” అంది మెల్లగా, అలవాటు లేని మాటని నాలుక మీద రుచి చూస్తూ, ఫోను పెట్టేసింది.

చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. చల్లగా ఉంది. భయంగానే ఉంది. అది తన భయమో, ఆయన అంటగట్టినదో ఇక తేల్చుకోవచ్చు. పడవ అంచు పట్టుకుని వెనక సీటులోకి ఎక్కింది. కాళ్ళు చాపుతూ, ఆ సీటుకి ఉన్న కాలిపీటలు జరపాలని చెయ్యి పెట్టింది. జరపనక్కరలేకపోయింది. ఆయన వదిలిన చోటే ఆమె పాదాలకి సరిపోయింది. కాసేపు అలాగే, పాదాలు వాటికి ఆనించి కూర్చుంది.

“అత్తయ్యా.”

“ఏవమ్మా.”

“మళ్ళీ రెండో శనివారం వద్దాం. గాలి ఉన్నా సరే. నాకు తెడ్డు నేర్పించక్కర్లేదు, వీడియోలు చూసుకుంటాను. గెడ మాత్రం నేర్పండి. నిలబడి కాదు, మళ్ళీ పగులుతుంది.”

“అలాగేనమ్మా.” హన్నమ్మ గెడని ఒళ్ళోకి లాక్కుంది. “పులుసు కాస్త ఎక్కువే పెట్టు, ఇద్దరం...”

“పులుసు మీరు పెట్టండి. అన్నం కూడా.”

హన్నమ్మ వెనక్కి తిరిగింది. “నేనా? నా మోకాళ్ళు పొయ్యి దగ్గర...”

“నీళ్ళ దగ్గరికి తెల్లవారుజామునే లేచేవి కదా అత్తయ్యా” అంది క్యాథరిన్. “ఇంకో గంట ముందు లేవమనండి.”